నిండు ముఖానికి నీడ యెంత?

ముఖం మీద వెలుగు నీడలు దిద్దుకొని ముక్కు, చెంపలు, గడ్డం తీరుగా కనిపించేటట్లు చేసుకోవడం యెలాగో రాయమని కొందరు సోదరీమణులు చాలాకాలంగా అడుగుతున్నారు. నీడ దిద్దడాన్ని కాంటూరింగ్ అనీ, వెలుగు దిద్దడాన్ని హైలైటింగ్ అనీ అంటున్నారు. ఇదుగో అదుగో అంటూ నేనే వాయిదా వేస్తూ వచ్చాను. చేతితో చూపిస్తే అయిదు నిమిషాల్లో తెలిసే సంగతిని కాగితం మీద చెప్పబోతే చదివేవారికి అయోమయంగా వుంటుందేమోనని నా భయం. కాని మొన్న వైశాఖంలో చింతూరు పెళ్ళికి వెళ్ళి వచ్చాక, ఇక రాయకపోతే తప్పనిపించింది. తప్పు అన్న మాట వూరికే వాడలేదు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా చెల్లాయి వాళ్ళు చింతూరులో వుంటారు. మరిది అక్కడ వుపాధ్యాయుడు. ఇరవై యేళ్ళ పైమాట. రాజమండ్రిలో బస్సెక్కితే రంపచోడవరం, మారేడుమిల్లి దాటి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, ఇక కడుపులో యేదీ నిలవదనుకునే వేళకు చింతూరులో దిగుతాము. శబరి ఒడ్డున వూరు. ఇటు వెడితే భద్రాచలం, అటు వెడితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, మరోవైపు ఒడిషా. రంపచోడవరం చుట్టుపక్కల యేజన్సీలో జాఫ్రా తోటలు పెంచుతారు. ఆ కాయ పగలదీస్తే లోపలి గింజల యెరుపు చేతికి అంటుకుంటుంది. వెన్నకూ మిఠాయిలకూ వేసే రంగు అదే. పెదవులకు పూసే రంగుల్లోనూ దాన్ని వాడడం కద్దు. ఆ చెట్టుకు ఇంగ్లీషువారు లిప్‌స్టిక్ చెట్టనే పేరు పెట్టారు. మనం పట్నంలో డబ్బాకొద్దీ కొనుక్కునే సోకుకు సరుకు ఈ కొండల్లో కూడా పండుతున్నదన్నమాట.

పెళ్ళికూతురు మా బుజ్జి. చామనఛాయ కంటె ఒక పిసరు ముదురు. గుండ్రటి ముఖం, నిండు బుగ్గలు. నవ్వితే కళ్ళు సగం మూసుకుపోతాయి. ముక్కు కాస్త అణిగి వుంటుంది. నిశ్చితార్థం ఫొటోలు చూసి వియ్యాలవారి వైపు పెద్దావిడ యెవరో, “పెళ్ళినాటికి ఆ ముక్కూ బుగ్గలూ కాస్త దిద్దించండమ్మా, ఇప్పుడు మేకప్పుతో కానిదేముంది?” అన్నారట. చెడ్డ మనసుతో అని వుండరు. కాని మా చెల్లాయికి నాలుగు రోజులు అన్నం సయించలేదు. చివరకు పట్నం నుంచి అలంకరణ చేసే అమ్మాయిని పిలిపించారు.

ముహూర్తం పదకొండు గంటలకు. తెల్లవారుజామున అయిదింటి నుంచి లోపలి గదిలో కిటికీలు మూసి, గుండ్రటి దీపం ఒకటి బుజ్జి ముఖానికి యెదురుగా పెట్టి ఆ అమ్మాయి పని మొదలుపెట్టింది. చేతిలో పనితనం లేకపోలేదు. తొమ్మిదింటికి తలుపు తీసి చూస్తే బుజ్జి ఆనవాలు పట్టలేనట్లుంది. బుగ్గలు సన్నబడ్డాయి, ముక్కు కోటేరు వేసినట్లు లేచింది. “సినిమా తారలా వున్నావే!” అన్నాను. నేనూ అన్నాను సుమా, మరచిపోలేదు.

పందిట్లోకి తీసుకువచ్చాము. వైశాఖ మాసపు యెండ కొబ్బరాకుల సందుల్లోంచి ముఖం మీద పడింది. అంతే. చెంపల కింద రెండు యెర్రమట్టి చారలు. ముక్కుకు అటూ ఇటూ రెండు గీతలు. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. పందిరి గుంజ దగ్గర కుర్చీలో మా అమ్మ కూర్చుని వుంది. యెనభై మూడేళ్ళ మనిషి. మనవరాలి గడ్డం పట్టుకుని తిప్పి తిప్పి చూసి, “యేమే తల్లీ, జ్వరం గాని వచ్చిందా? రాత్రికి రాత్రి బుగ్గలిలా పీక్కుపోయాయేమిటే?” అంది.

చుట్టూ వున్నవాళ్ళు గొల్లున నవ్వారు. బుజ్జి నవ్వలేదు. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయింది.

వెనకనే నేనూ వెళ్ళాను. అద్దం ముందు కూర్చుని వుంది. “అమ్మమ్మ మాటలకేమిటే, చూపు సరిగా ఆనదు గదా” అని సముదాయించబోయాను.

“అమ్మమ్మ మాటకు కాదు పెద్దమ్మా. నా మొహం బాగుండదని నాకు తెలుసు. దీంతోనైనా బాగుపడుతుందనుకున్నాను.”

“యెవరే బాగుండదన్నది?”

కాసేపు మాట్లాడలేదు. తరవాత, “నువ్వే అన్నావుగా” అంది. “నేను తొమ్మిదో తరగతిలో వున్నప్పుడు సంక్రాంతికి వచ్చావు. ‘మన ఇంటి ముక్కు ఈ పిల్లకు రాలేదే, బుగ్గల్లో కలిసిపోయింది’ అన్నావు. అందరూ నవ్వారు.”

అన్నట్టు నాకు గుర్తే లేదు. నిజంగా లేదు. ఆ పిల్ల మాత్రం పదేళ్ళుగా ఆ మాటను అద్దంలో చూసుకుంటూ వచ్చింది. వారం వారం అందరికీ అందచందాల గురించి సలహాలు చెప్పే మనిషిని. ఆ క్షణాన నా నోట మాట రాలేదు.

ముహూర్తానికి ఇంకా గంటన్నర వుంది. “లే, మొహం కడుక్కో. కిటికీ తెరుద్దాం” అన్నాను. ఆ తరవాత మేము చేసింది చెప్పేముందు, అసలు ఈ వెలుగు నీడల విద్య యేమిటో కొంచెం చెప్పుకోవాలి.

మన కంటికి యెత్తూ పల్లమూ తెలిసేది వెలుతురు వల్ల. యెండ పైనుంచి పడుతుంది కనుక ముందుకు పొడుచుకు వచ్చినవి మెరుస్తాయి, లోపలికి పోయినవి నీడలో పడతాయి. అందుచేత యెక్కడైనా లేతరంగు అద్దితే ఆ చోటు ముందుకు వచ్చినట్లు, ముదురురంగు అద్దితే వెనక్కి పోయినట్లు కన్ను భ్రమపడుతుంది. ఈ విద్యకు మూలం ఇంతే. మన చిత్రకారులకు ఇది యేనాడో తెలుసు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఈ నీడ దిద్దడాన్ని ‘వర్తన’ అన్నది. ఆకు ఈనెల్లా గీతలతో దిద్దేది పత్రజమనీ, చుక్కలతో దిద్దేది బిందుజమనీ అందులో రకాలు కూడా చెప్పింది. అజంతా బొమ్మల్లో ముక్కు మీద, పెదవి మీద తెల్లటి మెరుపు అద్దిన తీరు చూస్తే ఆ చేతుల నేర్పు తెలుస్తుంది.

గోడమీది బొమ్మకు చేసింది మనిషి ముఖానికి చేసినవాళ్ళు నాటకాలవాళ్ళు. వేషధారణను భరతుడు ఆహార్యాభినయమని అభినయంలోనే చేర్చాడు. మన భాగవతులు ముఖానికి అర్దళం పూసేవారు. ఆ పసుపుపచ్చని పొడి దీపాల వెలుగులో బంగారంలా మెరిసేది. కాని ఆ హరిదళపు రాయిలో వుండేది ఆర్సెనిక్ అనే విషం. దాని జోలికి యెవరూ పోకండి. స్థానం నరసింహారావుగారు (1902-1971) సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే అసూయపడేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మగముఖాన్ని ఆడముఖం చేయడానికి ఈ వెలుగు నీడలు ఒక సాయం మాత్రమే. మిగతాదంతా ఆ నడకలో, ఆ మాటలో, ఆ చూపులో వుండేది. ఇంకో సంగతి. వేదిక అంచున కింద పెట్టిన దీపాలు సహజమైన నీడలను తలకిందులు చేస్తాయి. యెండ వేయవలసిన నీడను నటులు రంగుతో వేసుకోవలసి వచ్చేది. వాళ్ళు ముదురుగా దిద్దుకున్నది వెనక బెంచీవాడి కోసం, అంతేగాని పక్కన కూర్చుని తాంబూలం ఇచ్చే పేరంటాలి కోసం కాదు.

తరవాత సినిమా వచ్చింది. తొలినాటి ఫిలిముకు యెరుపు కనబడేది కాదు. యెర్రరంగు పూసిన చెంప తెరమీద నల్లగా పడేది. మాక్స్ ఫాక్టర్ అనే ఆయన 1914లో హాలీవుడ్ నటుల కోసం పలచటి రంగు తయారుచేశాడు. దళసరి పూత పెచ్చులూడకుండా ముఖం కదలడానికి అప్పుడు వీలు చిక్కింది. వీటన్నిటికీ కారణం ఒకటే: కెమెరా ముఖాన్ని బల్లపరుపు చేస్తుంది కనుక పోయిన యెత్తుపల్లాలను తిరిగి దిద్దాలి. కాని మన సావిత్రిని తలచుకోండి. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) రెండింటికీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ఆ నిండు బుగ్గలను దాచాలని ఆయన ప్రయత్నించినట్లు యెక్కడైనా కనిపిస్తుందా? వెన్నెల కాయించి చూపించాడు.

2010 తరవాత ఫోన్లలో వీడియోలు వచ్చి ఈ విద్య ఇంటింటికీ చేరింది. దానితోపాటే ఒక అపోహ కూడా. ఫోన్‌ను అడుగు దూరంలో పట్టుకుని ఫొటో తీసుకుంటే ముక్కు వున్నదానికంటె వెడల్పుగా పడుతుంది. కెమెరాకు ముక్కు దగ్గర, చెవులు దూరం కావడం వల్ల వచ్చే తేడా అది. నాలుగైదడుగుల దూరం నుంచి ఇంకొకరు తీస్తే మీ ముక్కు మీ ముక్కులాగే వుంటుంది. యెందరు ఆడపిల్లలు లేని లోపానికి మందు పూసుకుంటున్నారో!

సరే, ఇక చింతూరు గదిలోకి వద్దాం. అలంకరణ చేసిన అమ్మాయి బిక్కచచ్చి నిలుచుంది. ఆమెను నేను తిట్టలేదు. “వీడియోల్లో ఇలాగే చేస్తారండీ” అంది. నిజమే. యెదురుగా పెట్టిన గుండ్రటి దీపం ముఖం మీది నీడలన్నిటినీ చెరిపేస్తుంది. నీడ కనబడడం లేదని చెయ్యి ఇంకా ఇంకా దిద్దుతుంది. బయటికి రాగానే యెండ తన నీడను తాను వేస్తుంది. రెండూ కలిసి రెట్టింపయ్యాయి. కనుక మొదటి నియమం: నలుగురూ మిమ్మల్ని యే వెలుతురులో చూస్తారో ఆ వెలుతురులోనే దిద్దుకోండి. పగటి పెళ్ళికి కిటికీ యెదురుగా, రాత్రి విందుకు దీపం కింద.

రెండవది పూత రంగు. ముఖానికి వేసే మొదటి పూత మెడతో కలవాలి. ముంజేతి మీద కాదు, దవడ అంచున రాసి పగటి వెలుతురులో చూడండి. యెక్కడ రాశారో మీకే కనబడకపోతే అదే మీ రంగు. మెడకంటె తెల్లనిది యెంచుకుంటే ముఖం ముసుగు తొడిగినట్లుంటుంది.

మూడవది నీడ రంగు. మీ ఛాయకంటె ఒకటి రెండు మెట్లు ముదురు చాలు. అందులో యెరుపు వుండకూడదు, తళుకు అసలే వుండకూడదు. నీడ యెక్కడైనా తళుక్కుమంటుందా? కాస్త బూడిద కలిసిన గోధుమరంగు మంచిది. బ్రాంజర్ అని అమ్మేది యెండ సోకిన కాంతి కోసం, నీడ కోసం కాదు. బుజ్జికి వేసింది అదే; అందుకే యెర్రమట్టిలా కనబడింది.

నాలుగవది చోటు. చెవి దగ్గర నుంచి నోటి చివరివైపు వేలితో తడిమితే చెంప యెముక తగులుతుంది. ఆ యెముక కింది అంచున, చెవి దగ్గర మొదలుపెట్టి, కంటి చివర నుంచి కిందికి గీత గీసినట్లు వూహించుకుని అక్కడ ఆపేయాలి. ఇంకా ముందుకు తెస్తే ముసలితనం వస్తుంది. కిందికి దింపితే చెంప జారినట్లుంటుంది. గుండ్రటి ముఖానికి కణతల మీద, దవడల పక్కన పలచగా వేస్తే కోలగా కనబడుతుంది. కోలముఖానికి నుదుటిపైన జుట్టు మొదట్లోనూ, గడ్డం కిందనూ వేయాలి. నలుచదరపు ముఖానికి దవడ మూలలు మెత్తబరచాలి. ముక్కుకు మాత్రం పెళ్ళినాడు కొత్తగా ప్రయత్నించకండి. దగ్గరి నుంచి ముందుగా బయటపడేది ఆ గీతలే.

అయిదవది వెలుగు. చెంప యెముక పైన, ముక్కుదూలం మీద సన్నగా, నుదుటి నడుమ, గడ్డం మీద, పై పెదవి వంపు మీద అద్దాలి. లేత ఛాయవారికి ముత్యపు తెలుపు నప్పుతుంది. మన ఛాయలకు బంగారు, తేనె, పీచు పండు రంగులు నప్పుతాయి. తెల్లటిది వేస్తే బూడిద పూసినట్లుంటుంది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది: ముదురు ఛాయవారికి నీడతో అంతగా పని లేదు. ఛాయలోనే నీడ వుంది. రెండు చోట్ల వెలుగు తాకిస్తే ముఖం తీరు దానంతటదే తేలుతుంది.

ఆరవది కలపడం. క్రీము మీద పొడి వేయవచ్చు. పొడి మీద క్రీము వేస్తే అట్టలు కడుతుంది. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతూ, పైవైపుకు కలుపుకుపోవాలి. రుద్దకూడదు. గీత యెక్కడ మొదలైందో తెలియనంతవరకు కలపండి. రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. చెమటపట్టే రోజుల్లో క్రీము యెంత తక్కువ వాడితే అంత మేలు. మెరుపు పీల్చే తెల్లపొడులు కొన్ని కంటికి కనిపించవు గాని ఫొటో ఫ్లాష్‌లో సున్నం పూసినట్లు పడతాయి. ముందురోజే ఒక ఫొటో తీసి చూసుకోవాలి. కొత్త సరుకేదైనా రెండు రోజులు ముందుగా చెవి వెనక రాసి చూడండి. ఒకరి స్పాంజి ఇంకొకరు వాడకండి. రాత్రి కొబ్బరినూనెతో అంతా తుడిచి, మెత్తని సబ్బుతో కడుక్కుని పడుకోండి. వారం రోజుల్లో తెలుపు చేస్తామనే పేరులేని డబ్బాలను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అటువంటి వాటిలో పాదరసం కలిపినవి పట్టుబడ్డాయి. అది మూత్రపిండాలకు చేటు.

ఇవన్నీ కొనకముందే మన అమ్మమ్మల దగ్గర వెలుగు నీడలు లేవా? ముక్కుపుడక యేమిటి? ముక్కు మీద చిన్న వెలుగు చుక్క. పాపిడిబిళ్ళ నుదుటిని నిలువుగా చూపిస్తుంది. పెద్దబొట్టు చూపును బుగ్గల మీది నుంచి పైకి లాగుతుంది. వేలాడే జూకాలు గుండ్రటి ముఖాన్ని కోలగా చూపుతాయి. కాటుక కంటికి నీడ. పసుపు ముఖానికి వెలుగు. చింతూరు సంతలో నేను చూసిన కోయ ఆడవాళ్ళు కొందరు నల్లని నిగనిగలాడే ముఖాలతో, సిగ పక్కన పువ్వు తురుముకుని వున్నారు. ఆ పువ్వు చేసే పని యే పొడీ చేయలేదు. ఆ పక్క మారేడుమిల్లి అడవుల్లోనే ‘పుష్ప’ (2021) సినిమా తీశారు. కూలివాడి వేషానికని తెల్లని కథానాయకుడికి నలుపు పూశారు. పెళ్ళికని నల్లని అమ్మాయికి తెలుపు పూస్తున్నాము. యెవరి రంగు వారికి వుంచితే యేమి పోయిందో!

బుజ్జికి మేము చేసింది చాలా స్వల్పం. మెడకు కలిసే పూత పలచగా. కణతల మీద వున్నదా లేదా అన్నంత నీడ. చెంపల మీద తేనెరంగు వెలుగు. ముక్కుకు యేమీ వేయలేదు. మా అమ్మ పెట్టెలోంచి ఒంటిరాయి ముక్కుపుడక తెచ్చి పెట్టాను. కాటుక, బొట్టు. అలంకరణ చేసే అమ్మాయే జడ మళ్ళీ కుట్టి, పాపిడి తిన్నగా తీర్చింది. నలభై నిమిషాలు పట్టింది.

ఆ నలభై నిమిషాల్లో బుజ్జితో ఒక మాట అన్నాను. “ఆ రోజు నేనన్న మాట గుర్తులేదమ్మా. గుర్తులేకపోవడమే నా తప్పు. ఆ మాట అబద్ధం. నన్ను క్షమించు.” అది నా చేతిలోని స్పాంజి తీసుకుని, “పెద్దమ్మా, నువ్వు యేడిస్తే నా మేకప్పు కరుగుతుంది” అంది. నవ్వితే కళ్ళు సగం మూసుకుపోయాయి. యెప్పటిలాగే.

సోదరీమణులారా, వెలుగు నీడలు దిద్దుకోవడం తప్పు కాదు. పండగకు ముగ్గు వేసినట్లే, పెళ్ళికి ముఖం దిద్దుకోవడం ఒక ముచ్చట. కాని పిల్లల ముఖం మీద మనం ఆటగా వేసే మాట వుందే, ఆ నీడను చెరిపే స్పాంజి యే దుకాణంలోనూ దొరకదు. ఇంట్లో యెదుగుతున్న ఆడపిల్ల వుంటే, దాని ముక్కు గురించి, రంగు గురించి, లావు గురించి నోరు జారే ముందు ఒక్కసారి మా బుజ్జిని తలచుకోండి.

బుజ్జి మళ్ళీ పందిట్లోకి వచ్చింది. మా అమ్మ దగ్గరకు పిలిచి రెండు బుగ్గలూ పుణికి, మెటికలు విరిచింది. “ఇదీ నా మనవరాలంటే” అంది. తరవాత నా చెవి దగ్గరకు వంగి మెల్లగా చెప్పింది:

“ఇందాక వచ్చిన ఆ పిల్ల యెవరోగాని, అన్నం పెట్టి పంపండే. పాపం, చిక్కి శల్యమై వుంది.”